80 వేలలో నిశ్చితార్థపు వజ్రపుటుంగరం: దుకాణంలో ఏమి అడగాలి

హైదరాబాద్‌లో 80 వేల రూపాయలకు మించకుండా నిశ్చితార్థానికి వజ్రపుటుంగరం కొనవచ్చా, కొనేటట్లయితే ఏ బజారుకు వెళ్లాలి, అమ్మాయికి ముందుగా చెప్పకుండా కొనడం మంచిదేనా అని మీరు అడిగారు. నిక్షేపంగా కొనవచ్చు. బజారు సంగతి మీరు అనుకుంటున్నంత ముఖ్యం కాదు. మూడో ప్రశ్న విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది గానీ, ముందు మీ డబ్బు ఎటు పోతుందో చెప్పి ఆ తరువాత దాని దగ్గరకు వస్తాను.

నేను బ్యాంకు ఉద్యోగంలో చాలా కాలం బంగారు రుణాల విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేశాను. ఆ బల్ల వెనుక కూర్చున్నవారికి వజ్రాల మీద ఉండే భ్రమలు తొందరగానే తొలగిపోతాయి. ఎంతో ఖరీదు పెట్టి కొన్న ఉంగరాన్ని ఎవరైనా తాకట్టుకు తెస్తే, మా అప్రైజర్ వారి ఎదుటే రాళ్ల బరువు తీసివేసి, మిగిలిన బంగారాన్ని 22 క్యారెట్ల లెక్కలోకి మార్చి, దానికి మాత్రమే విలువ కట్టేవాడు. రాళ్లను విలువలో కలపకూడదన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. "అందులో ఉన్నది అసలైన వజ్రమండీ" అని కోప్పడినవారు కొందరైతే, కళ్లనీళ్లు పెట్టుకున్నవారు మరికొందరు. కొన్న దుకాణానికే తిరిగి వెళ్లినా, మరో నగతో మార్చుకుంటే ఒక ధర, నగదు అడిగితే అంతకంటే తక్కువ ధర పలుకుతుంది. అందువల్ల నా దృష్టిలో ఉంగరంలోని రాయి పెళ్లి భోజనాల వంటి ఖర్చు, దాని చుట్టూ ఉన్న బంగారం ఒక్కటే ఆస్తి. ఈ రెండింటినీ విడదీసి బిల్లు రాయగల దుకాణంలోనే కొనండి. బషీర్‌బాగ్, అబిడ్స్, పంజాగుట్టలలోని పెద్ద షోరూములైనా, చార్‌కమాన్‌లోనో సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లోనో ఉన్న చిన్న దుకాణమైనా నాకు ఆ ఒక్క విషయంలోనే తేడా కనిపిస్తుంది.

రెండు నెలల జీతమంత ఉంగరం కొనాలంటారు కదా అని కూడా మీరు రాశారు. ఆ లెక్క వజ్రాల వ్యాపారం చేసే డీబీర్స్ సంస్థ 1980లలో అమెరికాలో ఇప్పించిన ప్రకటనలలోది. వజ్రం శాశ్వతమన్న నినాదాన్ని కూడా 1947లో అదే సంస్థ కోసం ఒక ప్రకటనల ఏజెన్సీ ఉద్యోగిని రాసిచ్చింది. మన ఇళ్లలో నిశ్చితార్థమంటే తాంబూలాలు పుచ్చుకోవడం, లగ్నపత్రిక రాసుకోవడం. ఉంగరాలు మార్చుకునే వేడుక అందరి ఇళ్లలోకీ వచ్చింది మా తరం కళ్ల ముందే. వేడుకను నేను తప్పుపట్టను. కానీ వ్యక్తిగత రుణం తీసుకుని ఉంగరం కొని, పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి ఆ వాయిదాలు కట్టుకునే జంటలను బ్యాంకులో చూసినవాడిని కాబట్టి, 80 వేలు అనుకున్న మీరు 80 వేల దగ్గరే ఆగితే సంతోషిస్తాను.

మా తమ్ముడి కొడుకు నిశ్చితార్థానికి ఉంగరం కొనడానికి వాడితోను, మాకు కాబోయే కోడలితోను కలిసి బషీర్‌బాగ్ వైపు ఒక షోరూముకు వెళ్లాను. ఆ అమ్మాయి దిల్‌సుఖ్‌నగర్‌లో మగ్గం వర్కు చేయించే బొటిక్ నడుపుతుంది. మేము కూర్చున్న వెంటనే శీతలపానీయాలు వచ్చాయి, వాటి వెనుకే పువ్వు ఆకారంలో ఏడు చిన్న వజ్రాలు పొదిగిన ఉంగరం వచ్చింది. ఒక్కొక్కటి 5 సెంట్ల రాయి, మొత్తం 35 సెంట్లు. బంగారానికి క్యారెట్ శుద్ధత కొలత అయితే వజ్రానికి అది బరువు కొలత. క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, సెంటు అంటే అందులో నూరోవంతు. దూరం నుంచి చూస్తే ఒకే పెద్ద రాయిలా కనిపిస్తుంది. "చూడటానికి క్యారెట్ సాలిటైర్ అండీ, ధర మాత్రం మీ బడ్జెట్‌లోనే" అని అమ్మే కుర్రవాడు మర్యాదగా చెప్పాడు. సాలిటైర్ అంటే ఒంటి రాయి ఉంగరం. దానికి కట్టిన చీటీ మీద ఒకే ఒక్క అంకె ఉంది. మొత్తం బరువు, నికర బంగారం బరువు, వజ్రాల బరువు, క్యారెట్ ఒక్కింటికి వేసిన ధర, మజూరీ వేరువేరుగా రాసి ఇమ్మన్నాను. అతను మేనేజరును పిలిచాడు, మేనేజరు కంప్యూటరు వైపు వెళ్లాడు, మాకు మరోసారి శీతలపానీయాలు వచ్చాయి.

చివరికి వచ్చిన కాగితం చూస్తే అసలు సంగతి బయటపడింది. వజ్రాల వ్యాపారంలో రాయి పెద్దదయ్యేకొద్దీ క్యారెట్ ధర పెరుగుతుంది కాబట్టి, అదే రంగు, అదే శుద్ధత ఉన్నప్పుడు ఏడు చిన్న రాళ్ల 35 సెంట్లు, ఒకే రాయి 35 సెంట్ల కంటే బాగా చవకగా ఉండాలి. ఆ కాగితంలో మాత్రం చిన్న రాళ్లకు కూడా ఒంటి రాయికి వేసే ధరే వేసి ఉంది. నేను ఆ మాట అడిగేలోపే అమ్మాయి ఉంగరం వేలికి పెట్టుకుని, తన పట్టు చున్నీ కొంగును దాని మీదుగా మెల్లగా లాగింది. రాళ్లను పట్టి ఉంచే సన్నని కొక్కేలకు రెండు జరీ పోగులు చిక్కుకుని పైకి వచ్చాయి. "మామయ్యగారూ, నేను రోజంతా కస్టమర్ల పట్టుచీరలు, జాకెట్టు గుడ్డలు ముట్టుకుంటాను. ఇది పెట్టుకుంటే నేను నష్టపరిహారాలు కట్టుకోవాలి" అన్నది. ఆ తరువాత ఉంగరాన్ని గుమ్మం దగ్గరి పగటి వెలుతురులో చూస్తామన్నాము. సెక్యూరిటీ మనిషి కొంచెం కంగారుపడ్డాడు గానీ మేనేజరు తల ఊపాడు. లోపల పైకప్పు దీపాల కింద నిప్పురవ్వల్లా మెరిసిన ఆ ఏడు రాళ్లు బయట చాలా మామూలుగా కనిపించాయి.

మేము కొన్నది మరో దుకాణంలో, 28 సెంట్ల ఒంటి రాయి. 18 క్యారెట్ల పసుపు బంగారంలో, రాయి చుట్టూ సన్నని బంగారు అంచు కట్టి, వేలికి ఆనుకుని ఉండేలా అమర్చిన ఉంగరం అది. ఆ అమర్పులో రాయి కాస్త చిన్నదిగా కనిపిస్తుందని దుకాణదారే చెప్పాడు. ఇంటికి వచ్చాక మా మరదలు "బావగారూ, ఇది ఫొటోల్లో కనిపిస్తుందంటారా?" అని అడిగింది. నిశ్చితార్థం ఫొటోగ్రాఫర్లు ఉంగరాల చేతులను ఎంత దగ్గరగా తీస్తారో ఆమెకు తెలియనిది కాదు. ఆల్బమ్‌లో ఆ 4 మిల్లీమీటర్ల రాయి సగం పేజీ ఆక్రమించుకుంది.

28 సెంట్లు ఎందుకంటే, 30, 50, 70, 100 సెంట్ల దగ్గర క్యారెట్ ధర ఒక్కసారిగా ఎగబాకుతుంది. 30 సెంట్ల గుండ్రని రాయి వ్యాసం సుమారు 4.3 మిల్లీమీటర్లు, 28 సెంట్ల రాయి అంతకంటే వెంట్రుకవాసి మాత్రమే తక్కువ. ఆ తేడాను మేనత్తలెవరూ కనిపెట్టలేరు. రంగు, శుద్ధతల విషయంలో కూడా మన దుకాణాలలో రంగులేని రాయికి ఇచ్చే ఈఎఫ్, లోపాలు అతి సూక్ష్మంగా ఉన్న రాయికి ఇచ్చే వీవీఎస్ అనే గ్రేడులను మంత్రాల్లా చదువుతారు. పసుపు బంగారంలో పొదిగే రాయికి వాటి తరువాతి మెట్టయిన జీ లేదా హెచ్ రంగు ధారాళంగా సరిపోతుంది, ఐ, జే రంగులు కూడా కంటికి తెల్లగానే కనిపిస్తాయి. వీవీఎస్‌కు ఒక మెట్టు కింద ఉండే వీఎస్ స్థాయి రాయిలోని లోపాలు పదిరెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం కింద తప్ప తెలియవు. అలా మిగిలిన డబ్బును కోతకు, అంటే రాయికి ముఖాలు చెక్కిన తీరుకు, పెట్టండి, ఎందుకంటే మెరుపంతా కోతలోనే ఉంది. గుండ్రని రాయికి జీఐఏ అనే వజ్రాల పరీక్షా సంస్థ నివేదిక ఉంటే అందులో కోతకు విడిగా గ్రేడు ఇస్తారు. అక్కడ ఎక్సలెంట్ అని ఉందో లేదో చూసుకోండి. నివేదిక సంఖ్యను ఆ సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు, చాలా రాళ్లకు నడుము అంచు మీద అదే సంఖ్యను లేజరుతో చెక్కి ఉంచుతారు. మరీ చిన్న రాళ్లకు మాత్రం ఉంగరం మొత్తానికి కలిపి ఒకే కార్డు ఇవ్వడం మామూలు.

మా మరదలికి మరో పట్టింపు కూడా ఉంది. నల్లచుక్క ఉన్న వజ్రం ఇంటికి అచ్చిరాదని, కొనేముందు కొన్నాళ్లు ఇంట్లో ఉంచుకుని చూడాలని ఆమె పుట్టింటివారి నమ్మకం. వజ్రం శుక్రగ్రహపు రత్నమంటారు, ఆ శుక్రుడి సంగతి నాకు తెలియదు గానీ, ఆ పట్టింపు పుణ్యమా అని ఆమె భూతద్దం అడిగి తీసుకుని రాయిని అన్ని వైపుల నుంచీ చూసింది, కొనేవారు చేయవలసిన పని కూడా అదే. ఆమె తరఫు బంధువు ఒకాయన మాత్రం తొలకరి వానలకు జొన్నగిరి, తుగ్గలి వైపు పొలాలలో దొరికిన రాయిని చవకగా ఇప్పిస్తానని, అసలైన మన సీమ వజ్రమని చాలా పట్టుబట్టారు. బిల్లు, నివేదిక లేని రాయిని, సాన పెట్టాక ఎంత మిగులుతుందో తెలియని రాయిని నిశ్చితార్థానికి కొనడం సాహసం. గోల్కొండ పేరు చెప్పి అమ్మేవారిని కూడా నమ్మకండి. కోహినూరుకు పుట్టిల్లుగా చెప్పే కొల్లూరు గనులు కృష్ణ ఒడ్డున ఎప్పుడో మూతపడ్డాయి, ఇప్పుడు మన దుకాణాలలో ఉన్నవి ఎక్కువగా విదేశీ గనుల నుంచి వచ్చి సూరత్‌లో సానపట్టిన రాళ్లు. అంతెందుకు, నిజాం కాగితాల మీద బరువుగా పెట్టుకున్న 184.75 క్యారెట్ల జాకబ్ వజ్రమే దక్షిణాఫ్రికా నుంచి వచ్చింది.

ప్రయోగశాలలో తయారైన వజ్రం గురించి మీరు అడగలేదు, అయినా దుకాణంలో అడుగు పెట్టగానే ఆ మాట వస్తుంది. అది గాజు కాదు, అచ్చమైన కర్బన స్ఫటికమే. వేడిని బట్టి పరీక్షించే చిన్న పరికరం దానికీ గని వజ్రానికీ తేడా చెప్పజాలదు. 2023 జూన్‌లో మన ప్రధానమంత్రి అప్పటి అమెరికా అధ్యక్షుడి సతీమణికి కానుకగా ఇచ్చిన 7.5 క్యారెట్ల రాయి కూడా అటువంటిదే. మీ డబ్బుతో అందులో క్యారెట్ రాయి కూడా వస్తుంది. ధరలు ఏటేటా పడిపోతున్నాయి కాబట్టి తిరిగి అమ్మితే ఏమీ రాదని హెచ్చరిస్తారు, అది నిజమే. కానీ రాయి ఖర్చేనని ఒప్పుకున్నాక ఆ హెచ్చరికకు పెద్ద బలం లేదు. పెద్ద రాయి కావాలని అమ్మాయికి ఉంటే నిస్సంకోచంగా తీసుకోండి, బిల్లులో ఆ మాట స్పష్టంగా రాయించుకోండి, ఇరుపక్షాల పెద్దలకూ చెప్పండి. దాచిపెట్టి తెలిసిపోతే జరిగే రభస ఉంగరం ఖరీదు కంటే ఎక్కువ. మోయిసనైట్ మాత్రం వేరే పదార్థం, సిలికాన్ కార్బైడ్. దాన్ని వజ్రమని అమ్మితే మోసమే.

ఇక బంగారం. హాల్‌మార్కు అన్నది బంగారం శుద్ధతకే పూచీ, వజ్రానికి కాదు. ఈ రెండింటినీ కలిపి "హాల్‌మార్కు డైమండ్" అనేవారిని చూసి నాకు విసుగు పుడుతుంది. ఉంగరం లోపలి వైపు భారత ప్రమాణాల సంస్థ అయిన బీఐఎస్ గుర్తు, 18 క్యారెట్లకు 750 లేదా 14 క్యారెట్లకు 585 అనే అంకె, ఒక్కో నగకు విడిగా ఇచ్చే ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య హెచ్‌యూఐడీ ఉండాలి. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో దుకాణంలోనే సరిచూసుకోవచ్చు. అయితే 2 గ్రాముల కంటే తక్కువ బరువున్న వస్తువులకు హాల్‌మార్కు తప్పనిసరి కాదన్న మినహాయింపు ఒకటి ఉంది. డబ్బు కలిసివస్తుందని మరీ పలుచని ఉంగరం కొనేవారు ఈ సందులోనే చిక్కుకుంటారు, కాబట్టి తప్పనిసరి కాకపోయినా హాల్‌మార్కు వేయించి ఇమ్మని అడగండి. 2025లో 10 గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు దాటాక 14 క్యారెట్ల ఉంగరాలను చిన్నచూపు చూడటం తగ్గింది, రోజూ పెట్టుకునే ఉంగరానికి ఆ 14 క్యారెట్ల బంగారానికి ఉండే గట్టితనం మేలు కూడా.

మన కూడళ్లలో ఏ హోర్డింగు చూసినా మజూరీపై సగం తగ్గింపు, తరుగు సున్నా అని ఉంటుంది. తగ్గించిన మజూరీని వజ్రం ధరలో కలుపుకుంటే మీకు తెలిసే మార్గమే లేదు, ఎందుకంటే బంగారం ధర పత్రికల్లో వస్తుంది గానీ వజ్రం ధర రాదు. అందుకే నేను విడి బిల్లు కోసం అంతగా పట్టుబడుతున్నాను. ఒకే రకం రాయికి రెండు మూడు చోట్ల క్యారెట్ ధర రాయించుకుంటే, ఏ తగ్గింపు నిజమైనదో అప్పుడు తేలుతుంది. మొత్తం బిల్లు మీద 3 శాతం జీఎస్టీ పడుతుంది కాబట్టి మీ 80 వేలలో సుమారు 2,300 రూపాయలు పన్నుకే పోతాయని ముందే లెక్కలో ఉంచుకోండి.

అమ్మాయికి చెప్పకుండా కొనవద్దు. వేలి కొలత తెలియకపోవడం అందులో చిన్న సమస్య. ఆ చేయి రోజంతా ఏమి పని చేస్తుందో మీకంటే ఆమెకే బాగా తెలుసు, ఎంత ఖర్చు పెడుతున్నారో ఆమెకు ముందే తెలిస్తే పెళ్లి తరువాత జరగవలసిన డబ్బు మాటలు కూడా అక్కడే మొదలవుతాయి. ఇద్దరూ పగటిపూట, వారాంతపు రద్దీ లేని రోజున వెళ్లండి. కొలత సాయంత్రం మరోసారి సరిచూసుకోండి, ఎండాకాలంలో వేళ్లు కాస్త ఉబ్బుతాయి. బిల్లు, నివేదిక కార్డులను ఉంగరం పెట్టెలో కాకుండా వేరే చోట దాచండి. ఏడాదికొకసారి దుకాణానికి తీసుకెళ్లి రాయి కదులుతున్నదేమో చూపించండి. చాలా చోట్ల ఆ పని ఉచితంగానే చేసిపెడతారు.