మా ఊరి జనాభా, ఏ వర్గం వాళ్లు ఎంతమంది అన్న లెక్క ఎక్కడ దొరుకుతుంది? సెన్సస్ అంకె, పంచాయతీ అంకె ఎందుకు కలవవు?

ముందు ఒకటి తేల్చుకోండి. మీరడిగే ఊరు రెవెన్యూ గ్రామమా (భూమి రికార్డుల కోసం హద్దులు గీసిన ఊరు), పంచాయతీయా? సెన్సస్ లెక్క రెవెన్యూ గ్రామానిది. దాని శివారు పల్లెలు, గూడేలు, తండాలు అన్నీ అందులోనే కలిసి ఉంటాయి. తెలంగాణలో 2018 చట్టంతో పంచాయతీలైన తండాలు చాలావరకు 2011 సెన్సస్ జాబితాలో విడిగా కనబడవు. అంకెలు కలవకపోవడానికి ఎక్కువసార్లు ఇదే కారణం.

సెన్సస్ వెబ్‌సైట్‌లో 2011 డిస్ట్రిక్ట్ సెన్సస్ హ్యాండ్‌బుక్ పీడీఎఫ్ తీయండి. జనాభా పట్టికలు పార్ట్-బిలో ఉంటాయి. బడి, నీళ్లు, రోడ్డు వివరాలు పార్ట్-ఎలో. పాత జిల్లా, పాత మండలం పేరుతోనే వెతకాలి, ఎందుకంటే తెలంగాణ జిల్లాలు 2016లో, ఆంధ్ర జిల్లాలు 2022లో మారాయి. ఒకే పేరుతో రెండు మూడు ఊళ్లుంటాయి కాబట్టి ఆరంకెల గ్రామ కోడ్ రాసి పెట్టుకోండి.

అక్షరాస్యత శాతం తీసేటప్పుడు మొత్తం జనాభాతో భాగించకూడదు. ఏడేళ్లు నిండని పిల్లల్ని (0-6 గడి) తీసేయాలి. ఉదాహరణకు జనాభా 2,400, పిల్లలు 300, చదువొచ్చినవాళ్లు 1,260 అనుకుంటే, 1,260ని 2,100తో భాగించాలి: 60 శాతం. 2,400తో భాగిస్తే 52.5 వస్తుంది, ఊరికి అన్యాయం జరుగుతుంది.

కులాల విషయంలో ఈ పట్టికలో దొరికేవి ఎస్సీ, ఎస్టీ మొత్తాలే. మాల ఎంత, మాదిగ ఎంత అన్నది గ్రామస్థాయిలో ఉండదు. బీసీల లెక్క అసలే లేదు. క్రైస్తవులమని రాయించుకున్న దళితులు ఎస్సీ గడిలోకి రారు, అందుకే కొన్ని కోస్తా ఊళ్లలో ఆ అంకె దళిత పేట చూస్తే కనిపించేదానికన్నా తక్కువగా ఉంటుంది. మతాల లెక్క మండలం దాకానే ఇచ్చారు.

జనం ఎక్కువగా తప్పు చదివేది పనివాళ్ల గడులు. 'సాగుదారులు' అంటే భూమి ఉన్నవాళ్లని కాదు. సెంటు భూమి లేని కౌలు రైతు కూడా సాగుదారే. పొలం కౌలుకిచ్చి తాను సాగు చేయని ఆసామి మాత్రం కాదు. ఈ గడి చూసి 'మా ఊళ్లో ఇంతమందికి భూములున్నాయి' అని రాసేస్తుంటారు, అది చెల్లదు. ఏడాదిలో ఆరు నెలలకన్నా తక్కువ పని దొరికినవాళ్లు 'మార్జినల్' గడిలో ఉంటారు, కూలీలను లెక్కించేటప్పుడు వాళ్లనూ కలపాలి. సొంత పొలంలో పనిచేసే ఆడవాళ్లను 'ఇంటిపని' అని రాసేయడం మామూలే, కాబట్టి ఆడవాళ్ల అంకెను కాస్త అనుమానంతోనే చూడండి.

వలస ఊళ్లలో మరో చిక్కుంది. 2011 గణన ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా జరిగింది. ఆ రోజులన్నీ పుణేలోనో ముంబైలోనో ఉన్న పాలమూరు కూలీ అక్కడి లెక్కలోకే పోతాడు. ఓటరు జాబితాలో మాత్రం ఊళ్లోనే ఉంటాడు.

ఇప్పటి పరిస్థితి కావాలంటే అంగన్‌వాడీ టీచర్ దగ్గరుండే కుటుంబ సర్వే రిజిస్టర్ అన్నిటికన్నా మెరుగు. కేంద్రాలవారీగా మొత్తాలు కూడండి. ఒకే ఇల్లు రెండు కేంద్రాల్లో ఎక్కిందేమో చూసుకోండి. పేర్లు బయటికి తేకండి, మొత్తాలు చాలు. రేషన్ కార్డులను కుటుంబాలుగా లెక్కేయొద్దు. సెన్సస్‌లో ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్లు ఒక కుటుంబం, కార్డులు మాత్రం పెళ్లైన కొడుకులకు వేరుగా ఉండొచ్చు. సెన్సస్‌లో కులాలవారీ లెక్కకైతే 2027 జనగణన కోసం ఆగాలి, అందులో కులం కూడా నమోదు చేస్తామని కేంద్రం 2025లో ప్రకటించింది.