గోడ మీద లేనిది రాయి

అమలాపురం

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. మన కోనసీమ పిల్ల జీవపరిణామం మీద పరిశోధన చేస్తోందని తెలిసి, వెతుక్కుంటూ వెళ్ళి మాట్లాడించావు చూడు, ఆ చొరవ నాకు నచ్చింది. మొదటి పేజీ మాత్రం నచ్చలేదు. ఊళ్ళో బీఎస్సీ బీజెడ్సీ, విశాఖలో ఎమ్మెస్సీ జువాలజీ, నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ ఫెలోషిప్, హైదరాబాద్‌లో పీహెచ్‌డీ, ఇప్పుడు ఆ పైన పోస్ట్‌డాక్ పరిశోధన. పెళ్ళిచూపులకి పంపే బయోడేటాలా ఉంది.

నేనూ చేశానులే ఈ పని. ముప్ఫయ్యేళ్ళ కిందట ఓ డాక్టరుగారి గురించి రాస్తూ ఆయన డిగ్రీలూ పతకాలూ ఒక్కటి వదలకుండా పేర్చాను. అచ్చయ్యాక గర్వంగా పట్టుకెళ్ళి వాళ్ళావిడ చేతిలో పెట్టాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఆసాంతం చదివి, "బాగుందండీ. ఇయ్యన్నీ మా హాల్లో గోడకి వేలాడతానే ఉన్నాయండీ, ఆయ్" అంది. కాఫీ మాత్రం ఇచ్చింది.

నీ దగ్గర గోడ మీద లేనిది ఉంది. సముద్రంలో ఉన్నంతసేపూ ఇలస, గోదావరి ఎదురెక్కితే పులస కదా. యానాం రేవులో ఆ పిల్ల నాయనమ్మ చేపని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఇలసే, పులస కాదు" అని మళ్ళీ గంపలో పడేసింది. పక్కన నిలబడ్డ ఎనిమిదేళ్ళ పిల్ల, "రెండూ ఒకటే చేపయితే రెండు పేర్లెందుకే?" అంది. దీన్ని ఆరో పేజీలో ఒక్క వాక్యంలో తేల్చేశావేం? అక్కణ్ణుంచే మొదలెట్టు. పీహెచ్‌డీకి వచ్చేసరికి ఆ ప్రశ్నే, గోదావరి ఎదురెక్కే చేపలూ బెంగాల్లో హుగ్లీ నది ఎక్కే చేపలూ జన్యువుల్లో ఒకే గుంపా, వేరా అని మారింది. ఈ మధ్యలో జరిగిందే ఆమె చదువు. మెడిసిన్ సీటు రాక బీజెడ్సీలో చేరిందని రాయడానికి మొహమాటపడ్డావు. బొమ్మలు గీసి రికార్డులు నింపడం తప్ప తెలియని పిల్ల, పీహెచ్‌డీ మొదటి ఏడాది స్టాటిస్టిక్సూ ప్రోగ్రామింగూ మింగుడుపడక హాస్టల్లో ఏడ్చిందని నాకు ఫోన్‌లో చెప్పావు. కాగితం మీద ఎందుకు లేదు?

ఒక తప్పు కూడా దొర్లింది. 'నదిలోకి రాగానే చేప పరిణామం చెంది పులస అవుతుంది' అన్నావు. కాదు. ఒక చేప తన బతుకులో మారడం జీవపరిణామం కాదు. తరాలు గడిచేకొద్దీ గుంపులో ఏ జన్యువు ఎంతమందిలో ఉందన్న లెక్క మారడం అది. మన పేపర్లు రోజూ 'రాజకీయ పరిణామాలు' అని రాసి రాసి ఆ మాటని అరగదీశాయి. పాఠకుడు పొరపడేది సరిగ్గా అక్కడే, కాబట్టి ఆ నాలుగు మాటలూ విప్పి చెప్పు.

డిగ్రీలు వెనక్కి నెడితే మనిషి తక్కువైపోతుందని భయపడకు. జన్యువుల ఆ లెక్కని గణితంలో పెట్టిన పెద్దల్లో బ్రిటిష్ శాస్త్రవేత్త హాల్డేన్ ఒకడు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన పట్టా గ్రీకు, లాటిన్, తత్వశాస్త్రాల్లో. సైన్సు డిగ్రీ లేనేలేదు. 1957లో మన దేశం వచ్చేశాడు. 1964లో భువనేశ్వర్‌లో పోయాక, ఆయన కోరిక ప్రకారమే దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. ఆ అస్థిపంజరం అక్కడే భద్రపరిచారు. ఆయన శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు మన పిఠాపురం వాడే. లాంటానా పొదల దగ్గర నిలబడి ఏ రంగు పువ్వు మీద ఏ సీతాకోకచిలుక వాలుతోందో లెక్కపెట్టాడు. 1960లో అది 'నేచర్' అనే సైన్సు పత్రికలో అచ్చయింది. ఆ కుర్రాడు ఏం చదివాడన్నది నాకెప్పుడూ గుర్తుండదు. పొదల దగ్గర నిలబడ్డం మాత్రం కళ్ళకి కడుతుంది.

ఇంతకీ నాయనమ్మ ఆ చేపలో ఏం చూసి ఇలస అందో అడిగావా? అడిగి ఉండవు. గోదాట్లో ఎర్రనీరు దిగింది, రేవులోకి పులస వస్తోంది. ముసలావిణ్ణే వెంటబెట్టుకు వెళ్ళి, గంప దగ్గర కూర్చుని అడుగు. తిరగరాసింది వచ్చే నెల్లో పంపు.

మీ మాస్టారు