గోల్కొండ నవాబా, గోల్కొండ సుల్తానా?

సందేహం: పోటీ పరీక్షలకు వెళ్లే పిల్లలకు చరిత్ర చెబుతుంటాను. 16, 17 శతాబ్దాల మీద తెలుగులో నోట్సు రాయాలంటే పాలకుల బిరుదుల దగ్గర టెన్షన్ వస్తోంది. ఒక పుస్తకంలో గోల్కొండ సుల్తాను, ఇంకో దాంట్లో గోల్కొండ నవాబు. ఢిల్లీ వాళ్లు పాదుషాలు, ఇరాన్ వాళ్లు షాలు. ఆఫ్రికా వైపు వెళ్తే నెగూస్, అస్కియా. ఇవన్నీ ఒకటేనా? అన్నిటికీ ‘చక్రవర్తి’ అని రాసేస్తే తప్పవుతుందా? ‘ఒట్టోమన్’ అనాలా, ‘ఉస్మానియా’ అనాలా?

సమాధానం: ఒకటి కావు. అన్నిటికీ ‘చక్రవర్తి’ అని రాస్తే తెలుగు తప్పదు కానీ చరిత్ర తప్పుతుంది. ఆ కాలంలో బిరుదు అలంకారం కాదు. ఒక పాలకుడు ఎవరి కింద ఉన్నాడో, ఎవరికీ లొంగనని ఎవరికి చెప్పదలచుకున్నాడో అందులోనే ఉండేది.

ముందు మన గోల్కొండ సంగతి. ‘నవాబు’ అరబ్బీ నుంచి వచ్చింది. ‘నాయిబ్’ అంటే ప్రతినిధి, ఒకరి బదులు పని చూసేవాడు. దాని బహువచనాన్ని గౌరవార్థంలో ఒక్కడికే వాడగా నవాబు అయింది. అంటే నవాబు అన్నప్పుడు అతని పైన ఇంకొకడు ఉన్నట్టే. కుతుబ్‌షాహీలు 1518 నుంచి 1687 దాకా గోల్కొండను ఏలారు. వాళ్లను ఢిల్లీ పాదుషా నియమించలేదు. అందుకని ఇబ్రహీం కుతుబ్‌షాను గానీ, అబుల్ హసన్ తానీషాను గానీ చరిత్ర పాఠంలో నవాబు అనడం తప్పు. సుల్తాను అనండి. ఇబ్రహీంను మన కవులు ‘మల్కిభరాముడు’ అని తెలుగు చేసుకుని పిలిచారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆ పేరు మీ నోట్సులో తప్పకుండా ఉండాలి.

మరి మన నోట్లో ‘తానీషా నవాబు’ ఎందుకు నిలిచింది? 18వ శతాబ్దంలో తెలుగువాళ్లకు పన్నుల దగ్గరా, తగాదాల దగ్గరా ఎదురైనవాళ్లు కర్నూలు, కడప, ఆర్కాటు నవాబులు. ఆ పిలుపునే జనం వెనకటి గోల్కొండకూ తగిలించారని నాకు తోస్తుంది. రామదాసు కథ చెప్పేటప్పుడు పెద్దవాళ్లు నవాబు అంటే నేను సరిదిద్దను. కథ నడక వేరు. పరీక్ష రాసే పిల్లవాడికి మాత్రం తేడా తెలియాలి.

బిరుదుల మీద అప్పట్లో ఎంత పట్టుదల ఉండేదో చూడండి. దక్కను సుల్తానులు తమను ‘షా’ అనుకుంటే మొఘలులు ఒప్పుకునేవారు కాదు. జహంగీరు తన స్వీయచరిత్రలో బీజాపూరు సుల్తానును ‘ఆదిల్ ఖాన్’ అనీ, గోల్కొండ సుల్తానును ‘కుతుబ్ ఉల్ ముల్క్’ అనీ రాసుకున్నాడు. షా అంటే తనతో సమానమని ఒప్పుకున్నట్టవుతుంది కదా! ఇటు గోల్కొండ వాళ్లేమో శుక్రవారం నమాజు ముందు చదివే ఖుత్బాలో ఇరాన్ సఫావీ షా పేరు చదివించేవారు. 1636లో షాజహాను ఒత్తిడి తెచ్చాడు. ఇరాన్ షా పేరు తీసేసి తన పేరు చదివించాలన్నాడు, నాణేల మీదా తన పేరే ఉండాలన్నాడు, ఏటా 2 లక్షల హొన్నులు, అంటే బంగారు నాణేలు, కట్టాలన్నాడు. అబ్దుల్లా కుతుబ్‌షా ఒప్పుకోక తప్పలేదు. అప్పటికీ ఆయన నవాబు కాలేదు, కప్పం కట్టే సుల్తాను అయ్యాడు. 1687లో ఔరంగజేబు గోల్కొండ కోటను పట్టుకున్నాకే ఇక్కడికి ఢిల్లీ నుంచి సుబేదార్లు, అంటే పాదుషా నియమించిన రాష్ట్ర పాలకులు, రావడం మొదలైంది.

అలా వచ్చినవాడే మీర్ ఖమరుద్దీన్ ఖాన్. 1713లో ఫరుక్‌సియర్ ఇచ్చిన బిరుదు ‘నిజాం ఉల్ ముల్క్’, 1725లో ముహమ్మద్ షా ఇచ్చిన బిరుదు ‘ఆసఫ్ జా’. 1724లో షకర్‌ఖేడా దగ్గర యుద్ధం గెలిచి తన పాలన తానే చేసుకున్నా, పేరుకు మాత్రం మొఘల్ ప్రతినిధిగానే ఉండిపోయాడు. కాబట్టి ‘నిజాం నవాబు’ అన్న మన వాడుక సరైనదే. స్వతంత్రుడై కూడా సామంతుడి బిరుదు వదలకపోవడం మనకు కొత్త కాదు. కాకతీయులు చాళుక్యుల నుంచి విడిపోయాక కూడా ‘మహామండలేశ్వర’ అనే చెప్పుకున్నారు.

ఇక్కడే ఇంకో చిక్కు. అహ్మద్‌నగర్‌ను ఏలినవాళ్లు నిజాంషాహీలు. హైదరాబాదు నిజాములతో వాళ్లకు సంబంధం లేదు. ఆ రాజ్యం 1636లోనే ముగిసిపోయింది. దాన్ని చివరి దశలో కాపాడింది ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడుపోయి, దక్కనుకు చేరిన మలిక్ అంబర్. అరబ్బీలో మలిక్ అంటే రాజు. అయినా ఆయన ఎప్పుడూ గద్దె ఎక్కలేదు. నిజాంషాహీ వంశపు వారసుణ్ని కూర్చోబెట్టి, తాను పీష్వాగా, అంటే ప్రధానమంత్రిగా, 1626లో చనిపోయేదాకా మొఘలులను నిలువరించాడు. ‘మలిక్ అంబర్ రాజు’ అని రాయకండి. అంతటి మనిషిని ‘బానిస’ అన్న ఒక్క మాటతో సరిపెట్టడం కూడా అన్యాయం.

పాదుషా మాట పారసీది. బాబరు పుట్టిన తైమూరు వంశంవాళ్లు అంతవరకు మీర్జా, అంటే రాజకుమారుడు, అనే పిలిపించుకునేవారు. 1507లో కాబూలులో బాబరు తనను పాదుషా అనమన్నాడు. తక్కిన మీర్జాల కంటే తాను పైన అని చెప్పడమే అది. తెలుగులో మొఘలులకు పాదుషా అన్నా, చక్రవర్తి అన్నా బాగానే ఉంటుంది. సుల్తాను మాటను మనవాళ్లు సంస్కృతంలోకి ‘సురత్రాణ’ అని తెచ్చుకున్నారు. విజయనగర రాజులు 14వ శతాబ్దంలోనే ‘హిందూరాయ సురత్రాణ’ బిరుదు పెట్టుకున్నారు. తురక బిరుదు పెట్టుకోవడానికి వాళ్లకు నామోషీ లేదు. కృష్ణదేవరాయల కథ చెప్పే పాత తెలుగు వచన గ్రంథం రాయవాచకంలో ఢిల్లీ వాళ్లను అశ్వపతి, కటకం వాళ్లను గజపతి, విజయనగరం వాళ్లను నరపతి అంటూ మూడు సింహాసనాలనూ పక్కపక్కన నిలబెట్టారు. పరాయి రాజ్యాన్ని మన మాటల్లో చెప్పడానికి నాకు అంతకన్నా ముచ్చటైన పద్ధతి కనిపించలేదు.

ఇక ఆఫ్రికా. ఇథియోపియాలో నెగూస్ అంటే రాజు. అలాంటి రాజుల మీద ఉన్నవాడు ‘నెగూస నెగస్త్’, అచ్చంగా మన రాజాధిరాజు. గోండర్‌ను రాజధానిగా కట్టించిన ఫాసిలిదెస్‌ను అందుకే ‘ఇథియోపియా చక్రవర్తి’ అనవచ్చు. ఉత్త రాజు అంటే తగ్గించినట్టే. నైజర్ నది ఒడ్డున గావో, టింబక్టూలను ఏలిన సాంఘై రాజ్యంలో ‘అస్కియా’ మనిషి పేరు కాదు, వంశపు బిరుదు. 1493లో గద్దె పట్టుకున్న సేనాని పేరు ముహమ్మద్. అతని కంటే ముందు ఏలిన ‘సున్నీ అలీ’ పేరు దగ్గర మన పిల్లలు తప్పకుండా పొరబడతారు. అక్కడి సున్నీ కూడా ఆ వంశపు బిరుదే, సున్నీ, షియా శాఖల్లోని సున్నీ కాదు. ‘సోన్నీ అలీ’ అని రాస్తే గొడవ ఉండదు. ఈ బిరుదులను తెలుగు చేయకండి. మొదటిసారి వచ్చినచోట అర్థం చెప్పి, తర్వాత అలాగే వాడండి. జపానుకూ ఇదే సూత్రం. 1603లో తొకుగావా ఇయెయాసుకు షోగన్, అంటే సర్వసేనాని, పదవి ఇచ్చింది క్యోటోలోని చక్రవర్తి. కాబట్టి ‘షోగన్ చక్రవర్తి’ అనకూడదు.

చివరగా ఒట్టోమన్. వంశకర్త పేరు ఉస్మాన్. వాళ్లు ఉస్మానీలు. అది యూరప్ భాషల్లో తిరిగి తిరిగి ఒట్టోమన్ అయి మన పుస్తకాల్లోకి వచ్చింది. పాతుకుపోయింది కాబట్టి ఒట్టోమన్ అనే రాయండి, పక్కన ఒకసారి ‘ఉస్మానీ తురుష్కులు’ అని చెప్పండి. ‘ఉస్మానియా’ మాత్రం వద్దు. 1918లో పుట్టిన మన విశ్వవిద్యాలయానికి ఆ పేరు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ వల్ల వచ్చింది, ఆ వంశం వల్ల కాదు. ఆ వంశంతో మనకు చుట్టరికం కలిసింది 1931లో. చివరి ఖలీఫా కూతురు దుర్రుషెహ్వార్‌నూ, అదే వంశానికి చెందిన నీలోఫర్‌నూ నిజాం కొడుకులిద్దరూ పెళ్లి చేసుకున్నారు. హైదరాబాదులో పిల్లల ఆసుపత్రికి ఉన్నది ఆ నీలోఫర్ పేరే.