నోట్ల కట్టల దగ్గర కాదు, ఆ దరఖాస్తు దగ్గర మొదలుపెట్టు

తమ్ముడూ,

చైనా అవినీతి మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఎక్కడా ఆగలేదు, చదివించే శక్తి నీకుంది. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు పెట్టిన గీతల గురించే ఈ ఉత్తరం.

వెయ్ పెంగ్‌యువాన్ ఇంట్లో దొరికిన డబ్బుతో మొదలుపెట్టావు. బొగ్గు ప్రాజెక్టులకు అనుమతులిచ్చే విభాగంలో రెండో స్థాయి అధికారి, ఇంట్లో 20 కోట్ల యువాన్లకు పైగా నగదు, లెక్కపెట్టడానికి 16 మెషిన్లు తెస్తే 4 కాలిపోయాయని అక్కడి పత్రికలే రాశాయి. బాగుంది. తర్వాత హువారోంగ్ అనే ప్రభుత్వ ఆర్థిక సంస్థ ఛైర్మన్ లై షియావోమిన్, ఆయన డబ్బు దాచిన ఫ్లాటు, దాన్ని ఆయన 'సూపర్ మార్కెట్' అని పిలుచుకోవడం. అదీ బాగుంది. కానీ మూడు పేజీలు దాటినా ఇంకా నోట్లే కనిపిస్తున్నాయి. ఇచ్చినవాళ్లు ఎవరు, ఎందుకిచ్చారు, ఇవ్వకపోతే వాళ్లకి ఏమయ్యేది, ఇవేవీ లేవు. దేశమంతటి బొగ్గు ప్రాజెక్టుల ఫైళ్లు కొద్దిమంది టేబుళ్ల మీదికి వచ్చి ఆగితే, ఆ టేబుల్ వెనక కూర్చున్నవాడి సంతకానికి ధర ఎలా పుడుతుందో రాయి. పాఠకుడికి అది అర్థమైతే మెషిన్లు కాలిపోయిన సంగతి దానంతటదే తగులుతుంది.

ఇంకో మాట. వ్యాసం మొత్తంలో 'లంచం' అన్న ఒక్క పదమే వాడావు. మన భాషలో మామూలు ఉంది, ముడుపు ఉంది, కమీషన్ ఉంది, పైరవీ ఉంది, చేయి తడపడం ఉంది, ఇవన్నీ ఒకటి కావని ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు. చైనాలోనూ అంతే. గ్లాక్సో మందుల కంపెనీ కేసు చూడు, ట్రావెల్ ఏజెన్సీల ద్వారా డబ్బు తిప్పి డాక్టర్లకు చేర్చారు, 2014లో చాంగ్షా కోర్టు 300 కోట్ల యువాన్ల జరిమానా వేసింది. మందు రాసినందుకు ముట్టేది కమీషన్. ఆ కోర్టు ఉన్న హునాన్ రాష్ట్రంలోనే, హెంగ్‌యాంగ్‌లో నగర ప్రజా కాంగ్రెస్ (అక్కడి నగర సభ) సభ్యులు రాష్ట్ర స్థాయి ప్రతినిధుల ఎన్నికలో ఓట్లు అమ్ముకున్నారు, 2013 చివర్లో అది బయటపడి 500 మందికి పైగా పదవులు పోగొట్టుకున్నారు. ఇక సున్ లీజున్ పోలీసు శాఖలో ఉపమంత్రి. కింది అధికారి ఒకడు 'సముద్రపు చేపలు' అంటూ పెట్టె తెచ్చేవాడు, అందులో 3 లక్షల డాలర్లు ఉండేవి. ఈ సంగతి ప్రభుత్వ టీవీలో వేశారు. అది ఒక పని చేయించుకోవడానికి ఇచ్చిన డబ్బు కాదు, పైవాడి నీడలో తన ఎదుగుదల కోసం ఏళ్ల తరబడి కట్టిన ముడుపు. వీటన్నిటినీ 'లంచం' అనేస్తే తేడా చెరిగిపోతుంది, వ్యాసం చప్పబడుతుంది. 'గ్వాన్‌షీ' అన్న చైనా మాటకి నువ్వు 'సంబంధాలు' అని రాశావు, తప్పు కాదుగానీ 'పలుకుబడి', 'పరిచయం', 'మనవాడు' ఈ మూడూ కలిస్తే దానికి ఇంకా దగ్గరవుతుంది.

ఇప్పుడు నాకు నిజంగా బాధ కలిగించిన పేరా. 'అక్కడ అవినీతిపరుల్ని కాల్చేస్తారు, మన దగ్గర కూడా అలా చేస్తేగానీ బాగుపడం' అని రాశావు. ఇది నీ మాట కాదు, మన వాట్సాప్ గ్రూపుల్లో ఏళ్లుగా తిరుగుతున్న మాట. లై షియావోమిన్‌ను 2021 జనవరి 29న ఉరి తీశారని నువ్వు రాశావు, అదీ సరిచూసుకో, అధికార ప్రకటనలో మరణశిక్ష అమలైందనే ఉంది. శిక్ష చెప్పిన 24 రోజులకే అమలు చేశారు. అయితే అవినీతి కేసుల్లో అలా అమలయ్యేవి చాలా తక్కువ. సున్ లీజున్‌కీ వెయ్ పెంగ్‌యువాన్‌కీ పడింది రెండేళ్ల వాయిదాతో మరణశిక్ష, అంటే మామూలుగా అది యావజ్జీవం కింద మారుతుంది. పైగా 1952లోనే ల్యూ చింగ్షాన్, జాంగ్ జిషాన్ అనే ఇద్దరు పార్టీ నాయకుల్ని ఇదే నేరానికి చంపారు. అది జరిగి 70 ఏళ్లు దాటింది. చావు భయమే చాలితే నీ వ్యాసంలోని మెషిన్లకు పనే ఉండేది కాదు.

అలాగని షీ జిన్‌పింగ్ అవినీతి వ్యతిరేక ఉద్యమమంతా నాటకమని కొట్టిపారేయకు. 'పులుల్నీ ఈగల్నీ కలిపే కొడతాం', అంటే పెద్ద అధికారుల్నీ చిన్నవాళ్లనీ వదలం అని 2013లో మొదలుపెట్టి, మొదటి ఐదేళ్లలో 15 లక్షల మందికి పైగా శిక్షించారు. కమ్యూనిస్టు పార్టీలో అత్యున్నతమైన పొలిట్‌బ్యూరో స్థాయీ సంఘంలో పనిచేసినవాళ్లని ముట్టుకోకూడదన్న రాయని నియమాన్ని పక్కన పెట్టి జోవ్ యోంగ్‌కాంగ్‌ను 2015లో యావజ్జీవ శిక్షకు పంపారు. అది చిన్న విషయం కాదు. కానీ నేరం ఏమిటో చెప్పేదీ, పట్టుకునేదీ, బయటకి ఎంత చెప్పాలో నిర్ణయించేదీ పార్టీయే. అందుకే ప్రతి అంకె పక్కనా 'అధికారులు చెప్పిన ప్రకారం' అని రాయి. నేను కొత్తలో ఒక గుమాస్తా పట్టుబడ్డాడని పేరు పెట్టి రాశాను, కేసు కొట్టేసిన రోజు మాత్రం రాయలేదు. ఆ మనిషి ముఖం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. ఆ పొరపాటు నువ్వు చెయ్యకు.

నీ వ్యాసం అసలు మొదలు కావాల్సిన చోటు నాలుగో పేజీలో ఒక్క వాక్యంగా పడి ఉంది. 2012 ఆగస్టులో యాన్‌ఆన్ దగ్గర బస్సు ట్యాంకర్‌ను గుద్ది 36 మంది చనిపోయారు. అక్కడ యాంగ్ దాచాయ్ అనే పని భద్రతా శాఖ అధికారి నవ్వుతూ నిలబడ్డ ఫొటో వచ్చింది. జనం ఆయన పాత ఫొటోలన్నీ వెతికి చేతికున్న ఖరీదైన వాచీలు లెక్కపెట్టారు. ఏడాది తర్వాత 14 ఏళ్ల జైలు పడింది. మధ్యలో ఒక యూనివర్సిటీ విద్యార్థి ఆయన జీతం ఎంతో చెప్పమని దరఖాస్తు పెట్టుకున్నాడు, చెప్పలేదు. తమ్ముడూ, ఆ దరఖాస్తు దగ్గర ఆగు. అధికారుల ఆస్తులు బయటపెట్టమని అడిగిన న్యాయ పండితుడు షూ జియోంగ్‌కి 2014లో 4 ఏళ్లు, 2023లో మళ్లీ 14 ఏళ్లు జైలు వేశారు. ల్యూ టియెనాన్ అనే పెద్ద అధికారి గుట్టు తన సొంత పేరుతో బయటపెట్టిన విలేకరి లువో చాంగ్‌పింగ్. ఆ అధికారికి యావజ్జీవం పడింది. కానీ ఆ విలేకరికే ఇంకో విషయం మీద పెట్టిన చిన్న వ్యాఖ్యకి 2022లో 7 నెలల జైలు పడింది.

మన దగ్గర ఎన్నికల్లో నిలబడేవాడు ఆస్తుల అఫిడవిట్ ఇవ్వాలి, దాన్ని నువ్వూ నేనూ ఫోన్‌లో చూసుకోవచ్చు. అందులో ఎంత నిజముందన్నది వేరే పోరాటం. కానీ షూ జియోంగ్ మొదటిసారి జైలుకి వెళ్లడానికి ఒక కారణం ఇలాంటి కాగితం అడగడమే, నువ్వేమో ఆ దేశం శిక్షలు మనకి కావాలని రాశావు. ఆ రెండూ ఒకే వ్యాసంలో ఎలా ఇముడుతాయో ఆలోచించు.

రెండో డ్రాఫ్టు ఆ విద్యార్థితో మొదలుపెట్టి పంపు. ఎన్ని పేజీలైనా పర్వాలేదు. పేర్ల ఉచ్చారణ ఎవరైనా చైనా భాష తెలిసినవాళ్లతో ఒకసారి చూపించుకో. రాత్రి ఎనిమిది దాటాక ఫోన్ చెయ్యి, మాట్లాడుకుందాం.

మీ అన్నయ్య