ప్యాచ్‌వర్క్‌కి వెళ్లే ముందు

శ్రీకాకుళం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

కళింగపట్నంలో రెండ్రోజుల షూటింగూ పాడైందటగా. మొదటిరోజు గాలికి మాటలు పోయాయని, రెండోరోజు వాన పట్టిందని, కథే మార్చేసి మళ్లీ మొదట్నుంచి తీస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆగు. తీసిందంతా ఒక్కసారైనా కూర్చుని చూశావా? ముందు ఆ పని చెయ్యి.

నోటుబుక్కులో షాటుకో లైను రాయి. ఏ టేకు, బొమ్మ పనికొస్తుందా, మాట పనికొస్తుందా. బొమ్మ బాగుండి మాట పోయిన షాటుని డబ్బింగ్ బతికిస్తుంది. ఫోకస్ పోయినదాన్ని ఏదీ బతికించదు. తర్వాత ఉన్న షాట్లని కథ వరసలో పేర్చి, లేనిచోట నల్ల తెర పెట్టి "ఇక్కడ అన్న తలుపు తీస్తాడు" అని అక్షరాలు వెయ్యి. అలా చూస్తే ఎనిమిది నిమిషాల సినిమాకి నిజంగా తియ్యాల్సినవి పదికి లోపే తేలొచ్చు. కొన్ని నల్ల తెరలు తీసేసినా కథ నడుస్తుంది, వాటి జోలికే పోకు. మిగిలినవే నీ ప్యాచ్‌వర్క్.

ఇక గాలి సంగతి. సముద్రపు గాలి పొద్దెక్కేకొద్దీ లేస్తుంది, మధ్యాహ్నానికి బాగా ముదురుతుంది. మాటలున్న సీన్లు తొమ్మిదిలోపు ముగించి, మాటల్లేని నడకలూ చూపులూ తర్వాతకి పెట్టుకోవాలి. మైకు మీద ఉండే స్పాంజి తొడుగు నోటి గాలిని ఆపుతుంది గానీ బీచ్ గాలిని ఆపలేదు, దానికి బొచ్చు తొడుగు కావాలి. మైకు ఫ్రేము అంచుకి ఎంత దగ్గరకి రాగలదో అంత దగ్గరకి తెచ్చి, రికార్డరు మీద శబ్దం లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా చూడు. సున్నాని తాకిందంటే ఆ మాట పగిలినట్టే, తర్వాత ఎవరూ అతకలేరు. ఒకడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినడమే పనిగా ఉండాలి. వాడు "బాగోలేదు" అంటే కెమెరా వాడు ఎంత మురిసిపోయినా ఇంకో టేకు వెళ్లాల్సిందే.

టేకు ఓకే అయిన వెంటనే, ఆ ఊపు చల్లారకముందే, నటులిద్దర్నీ కారులో కూర్చోబెట్టి అద్దాలెత్తి, ఇంజిన్ ఆపి, అవే డైలాగులు అదే జోరుతో మళ్లీ చెప్పించి రికార్డు చెయ్యి. సీట్లూ బట్టలూ ప్రతిధ్వనిని మింగేస్తాయి కాబట్టి మనలాంటి వాళ్లకి అదే డబ్బింగ్ థియేటరు. చివర్లో ఎవరూ కదలకుండా 30 సెకన్లు ఆ చోటి నిశ్శబ్దం కూడా పట్టుకో, ఎడిటింగ్‌లో అతుకుల మధ్య అదే పూత. ఇంట్లో తీసేటప్పుడు ఫ్యానూ ఫ్రిజ్జూ కట్టెయ్యి. ఫ్రిజ్ మళ్లీ వెయ్యడం మర్చిపోకుండా బండి తాళం అందులో పెట్టు. లేకపోతే పాలు విరిగాక మీ అమ్మ నన్నే అడుగుతుంది.

పెదవులకీ మాటకీ పొంతన తప్పుతోందన్నావట. మొదట్లో సరిగ్గా ఉండి, నిమిషాలు గడిచేకొద్దీ జారుతుంటే తప్పు చాలావరకు ఫోనుదే. ఫోను ఫ్రేమ్ రేటుని, అంటే సెకనుకి తీసే బొమ్మల లెక్కని, స్థిరంగా ఉంచదు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేసి, తీసిన రేటుకే స్థిరంగా మార్చి, ఆ తర్వాత ఎడిటింగ్‌కి తీసుకో. టీకొట్టు సీన్లో ట్యూబులైటు కింద చారలు పడ్డాయంటే కారణం వేరు. మన కరెంటు 50 హెర్ట్జ్, నీ ఫోను 30 ఫ్రేములతో తీసింది. 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను పెట్టి, రంగులు షాటు మధ్యలో మారకుండా వైట్ బ్యాలెన్స్ లాక్ చెయ్యి. ఎండలో 1/50 పెడితే బొమ్మ తెల్లబోతుంది, అందుకని లెన్సు ముందు వెలుగు తగ్గించే నల్లద్దం, ఎన్‌డీ ఫిల్టర్, ఉండాలి.

స్క్రిప్టులో "సముద్రంలో సూర్యుడు కుంగుతుంటాడు" అని రాశావట, ఓరి నాయనా! మనది తూర్పు తీరం. సముద్రంలోంచి ఉదయిస్తాడంతే, సాయంత్రం నీ వీపు వెనక ఊళ్లోకి దిగుతాడు. ఆ సీను పొద్దుటికి మార్చుకో. డిసెంబర్లో ఉదయం 6:20 ప్రాంతంలో వస్తాడు, జూన్లో అయితే 5:20కే. రంగులుండేది అరగంట, కాబట్టి చీకట్లోనే ట్రైపాడ్ నిలబెట్టి ఉండాలి. ముఖాలు నల్లబడకుండా ఒక తెల్ల థర్మాకోల్ షీటు చాలు, కాకపోతే గాలికి అది పడవ తెరచాపే, పట్టుకోడానికి ఇద్దరుండాలి.

వానని తిట్టుకోకు. అక్టోబర్, నవంబర్ మనకి తుపాను నెలలు, 2018లో తిత్లీ విరుచుకుపడింది అక్టోబర్‌లోనే. ఆ నెలల్లో బయట సీను ఉన్న ప్రతిరోజుకీ దగ్గర్లో ఒక ఇంటి గది, అందులో తియ్యగల సీను, దానికి కావాల్సిన బట్టలు సిద్ధంగా ఉండాలి. మబ్బు పట్టగానే అటు వెళ్లిపోవడమే.

ప్యాచ్‌వర్క్ పూర్తయ్యేదాకా నటులెవరూ జుట్టు కత్తిరించకూడదు, గెడ్డం గీయకూడదు. ప్రతి సీను చివర ముందు నుంచి, పక్క నుంచి ఫొటోలు తీయించు. చొక్కా చేతులు ఎంత వరకు మడిచారో, సంచి ఏ భుజానుందో నీకు గుర్తుండదు.

కార్డు నిండగానే రెండు వేరే డిస్కుల్లోకి కాపీ చేసి, ఫైళ్లు తెరిచి చూశాకే కార్డు చెరుపు. సెకనుకి 50 మెగాబిట్లతో తీస్తే గంటకి 22 జీబీ దాటుతుంది, ఆ లెక్కన డిస్కులు చూసుకో.

పాత బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం కొండ పురావస్తు శాఖ రక్షణలో ఉంది, అనుమతి లేకుండా కెమెరా ఎత్తకు. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో తియ్యాలన్నా రైల్వే వాళ్ల అనుమతి ఉండాల్సిందే. ఆ కాగితాలు రావడం ఆలస్యమైతే ప్లాట్‌ఫారం సీనుని బస్టాపుకి మార్చడం తేలిక. సినిమా పాట ముక్క వెయ్యకు, పోటీలకి పంపేటప్పుడు హక్కుల గొడవొస్తుంది.

బడ్జెట్లో మొదటి లైను భోజనం. ఒంటిగంటకల్లా గుంటలకి, అదే మీ పిల్లలందరికీ, అన్నం పెట్టకపోతే, ఆ తర్వాత తీసే షాట్లలో ఆకలే నటిస్తుంది.

ఆదివారం లోపు ఆ షాట్ల పట్టిక రాసి తీసుకురా. డిస్కు కూడా తే, కానీ ఒకటే. రెండోది ఇంట్లో ఉంచు.

ఇట్లు,
మావయ్య