అట్ట ఊడిన పుస్తకాలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

గత నెల ఈ శీర్షికలో పాఠకులను ఒక కోరిక కోరాను. మీ ఇంట్లోవాళ్లు గాని, స్నేహితులు గాని చదివి ఉండరని మీకు గట్టిగా తోచిన ఒక తెలుగు పుస్తకం గురించి, బాగుందనో బాగాలేదనో చెప్పి ఊరుకోకుండా, ఎందుకో కూడా రాయమన్నాను. విశాఖ నుంచీ చుట్టుపక్కల ఊళ్ల నుంచీ వచ్చిన ఉత్తరాల్లో మెచ్చుకోళ్ల కంటె ఫిర్యాదులే ఎక్కువగా ఉన్నాయి. ఇది నాకు సంతోషం కలిగించింది. పేరు వినబడని పుస్తకం కదా అని జాలిపడి పొగిడేవాళ్లు సాధారణంగా దాన్ని చదివి ఉండరు. ఫిర్యాదు చేసేవాళ్లు మాత్రం ఎంతో కొంత చదివే ఉంటారు.

ప్రశ్న: మాస్టారూ, ఏనుగుల వీరాస్వామయ్యగారి ‘కాశీయాత్ర చరిత్ర’ గొప్ప పుస్తకమని మీరే ఇక్కడ రెండుసార్లు రాశారు. మా అబ్బాయి చేత తెప్పించుకొని అరవై పేజీలు చదివాను. ఏ ఊరు ఎన్ని ఆమడలు, అక్కడ అంగళ్లున్నాయా లేవా, నీళ్లు మంచివా కావా, ఇదే వరస. ఇది యాత్రాసాహిత్యమా, బస్సుల టైంటేబులా?
(విశ్రాంత ఉపాధ్యాయిని, సీతమ్మధార)

సమాధానం: అమ్మా, మొదటిసారి చదివినప్పుడు నేనూ దాదాపు అక్కడే ఆగిపోయాను కనుక మీతో తగాదా పడలేను. అయితే టైంటేబుల్ అన్న మీ మాటనే పట్టుకొని కొంచెం ముందుకు వెళ్దాం. వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒక భాషలోని మాటను మరొక భాషలో చెప్పే ఉద్యోగి. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, పెద్ద పరివారాన్ని వెంటబెట్టుకొని, బోయీలు మోసే పల్లకిలో కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. మన దేశంలో ప్రయాణికుల రైలు మొదలైనది 1853లో. కనుక ఆయన వెళ్లేనాటికి ఆ దారికి ముందుగా చూసుకోగల టైంటేబుల్ ఏదీ లేదు. దాన్ని ఆయనే నడిచే దారిలో తయారు చేసుకుంటూ వెళ్లాడు. పొద్దుగూకేవేళకు మజిలీ చేరిన అంతమందికి బియ్యం, కట్టెలు, ఉప్పు దొరకకపోతే ఆ రాత్రి పస్తే. మీకు విసుగు పుట్టించిన ‘అంగళ్లున్నవి’, ‘అంగళ్లు లేవు’ అన్న మాటల వెనక ఉన్నది ఈ ఆకలి భయమే.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఇది తీరుబడిగా కూర్చొని రాసిన గ్రంథం కాదు. దారిలో తాను చూసినదంతా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు తెలియజేస్తూ రాసిన రాత అది. వీరాస్వామయ్య 1836లో పోయాక ఆ మిత్రుడే 1838లో దాన్ని అచ్చు వేయించాడు. అందువల్ల భాషకు పండితుల కోసం కట్టుకున్న పట్టుపంచె లేదు. ‘కసుబా’, ‘ముసాఫరుఖానా’ వంటి ఉర్దూ మాటలు ఏ సంకోచమూ లేకుండా తెలుగు వాక్యంలోకి వచ్చి కూర్చుంటాయి. గ్రాంథికమా వ్యావహారికమా అని మన పెద్దలు కొట్టుకోవడానికి చాలా ముందే, చదువుకున్న ఒక మద్రాసు తెలుగువాడు పనిమీద ఉన్నప్పుడు ఎలా రాసేవాడో చూడాలంటే ఇంతకంటె మంచి పుస్తకం నాకు తెలియదు.

చదివే తీరుకు సంబంధించి ఒక సలహా. అరవయ్యో పేజీ నుంచి ముందుకు కాకుండా, పుస్తకం చివరి భాగానికి వెళ్లండి. జగన్నాథం చూసుకొని గంజాం, శ్రీకాకుళం మీదుగా ఆయన మన తీరం వెంట దక్షిణానికి దిగివస్తాడు. మీరు బస్సులోనో రైల్లోనో ఎన్నోసార్లు తిరిగిన దారిని పల్లకిలో వచ్చిన మనిషి ఎలా చూశాడో అక్కడ కనబడుతుంది. తెలిసిన ఊరి దగ్గర ఆ జాబితాకు ప్రాణం వస్తుంది. ఆ తర్వాత వెనక్కి వచ్చి చదివితే, వెళ్లేటప్పటి కడప, కర్నూలు వైపు పేజీలు కూడా విసుగు పుట్టించవు. మీ దగ్గర ఉన్నది ఏ ముద్రణో రాయలేదు. దిగవల్లి వేంకటశివరావుగారు పరిష్కరించిన 1941 నాటి ముద్రణ దొరికితే దాన్నే చదవండి; ఆయన వివరణలు ఉపకరిస్తాయి.

ప్రశ్న: ఉప్పల లక్ష్మణరావుగారి ‘అతడు – ఆమె’ నవలలో శాస్త్రి డైరీ వచ్చినప్పుడల్లా పేజీలు తిప్పేశాను. శాంతం డైరీ మాత్రం రెండుసార్లు చదివాను. ఇది రచయిత లోపమా, నా లోపమా?
(ఉక్కు కర్మాగార ఉద్యోగి, గాజువాక)

సమాధానం: కొంత రచయితదే. జాతీయోద్యమ కాలపు రాజకీయ చర్చలను ఆయన డైరీలోకి దించినప్పుడు, మనిషి తనకోసం రాసుకుంటున్నట్టు కాక సభలో మాట్లాడుతున్నట్టు అనిపించే చోట్లున్నాయి. ఏ భర్తా రాత్రి పదిగంటలకు డైరీలో అంత క్రమంగా వాదించుకోడు. అయితే మీరు పేజీలు తిప్పేయడం వల్ల పోగొట్టుకున్నది శాస్త్రిని కాదు, శాంతాన్నే. ఒకే కాపురాన్ని రెండు చేతులు రాస్తున్నప్పుడు, ఒకరు అరపేజీ రాసిన సంగతిని మరొకరు ఒక్క వాక్యంలో దాటేస్తారు. నవల బలమంతా ఆ తేడాలో ఉంది. ఆమె ఎక్కడ మౌనంగా ఉందో తెలియాలంటే అతడి పేజీ చదవక తప్పదు. ఏదైనా ఒక్క సంఘటనను ఎంచుకొని, ఇద్దరి డైరీల్లోనూ ఆ చోట కాగితం ముక్కలు పెట్టుకొని, ఒకదాని వెంట ఒకటి చదివి చూడండి. రచయిత వృత్తిరీత్యా వృక్షశాస్త్రజ్ఞుడు, తరవాత మాస్కోలో ఉండి తెలుగు అనువాదాలు చేసినవాడు. ఆయన ఆత్మకథ ‘బతుకు పుస్తకం’ మీకు ఈ నవల కంటె బాగా నచ్చుతుందని నా అనుమానం.

ప్రశ్న: ఆదిభట్ల నారాయణదాసుగారు ఉమర్ ఖయ్యాం రుబాయీలను అచ్చ తెలుగులోకి తెచ్చారని విని ఆశపడి చదివాను. సంస్కృతమే నయమనిపించింది. మీ అభిప్రాయం?
(పాఠకుడు, భీమిలి)

సమాధానం: మీతో ఏకీభవిస్తాను. దాసుగారు పారశీక మూలాన్నీ, ఫిట్జ్‌జెరాల్డ్ ఆంగ్లానువాదాన్నీ తీసుకొని సంస్కృతంలోకీ అచ్చ తెలుగులోకీ తెచ్చిన ఆ పుస్తకం పాండిత్యంలో ఒక కొండ. కొండ ఎక్కాలనుకున్నవాళ్లకు మాత్రమే దారి. అచ్చ తెలుగు పేరుతో వాడుకలో లేని మాటలు వచ్చినప్పుడు నిఘంటువు తప్పదు, నిఘంటువు చేతిలో ఉంటే ఖయ్యాం మధువు చల్లారిపోతుంది. హరికథా పితామహుడి గొంతు వినాలంటే ఆయన స్వీయచరిత్ర ‘నా యెఱుక’ చదవండి, వీలైతే పైకి చదవండి.

ప్రశ్న: మా బృందంలో ‘కన్యాశుల్కం’ మొదటి కూర్పు చదివాము. 1909 నాటి రెండో కూర్పు చేతిలో ఉండగా దీన్ని చదవడం చిత్తుప్రతి చదవడమే అని నా మిత్రుల వాదన. ఇది కూడా ‘ఎవరూ చదవని పుస్తకం’ కిందికి వస్తుందా?
(పరిశోధక విద్యార్థి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు)

సమాధానం: తప్పకుండా వస్తుంది. ‘కన్యాశుల్కం’ చదివామని చెప్పుకొనే తెలుగువాళ్లలో 1897లో అచ్చయిన నాటకాన్ని చూసినవాళ్లు బహు కొద్దిమంది. దాన్ని చిత్తుప్రతి అనడం మాత్రం సరికాదు. 1892లో రంగస్థలం ఎక్కి, జనం చూసి, ఆ తరవాత అచ్చుకు వెళ్లిన నాటకం అది. పన్నెండేళ్ల తరవాత గురజాడ దాన్ని దిద్దలేదు, దాదాపు మరొక నాటకం రాశాడు. మొదటి కూర్పులో మధురవాణి పాత్ర చాలా చిన్నది; రెండో కూర్పులో నాటకాన్ని నడిపేది ఆమే. ఒక పాత్ర రచయిత చేతిని దాటి పెరగడం ఎలా ఉంటుందో చూడాలంటే రెండింటినీ పక్కపక్కన పెట్టుకోవడమే మార్గం.

మీ బృందం మొదటి కూర్పు పీఠికను కూడా చదివిందో లేదో రాయలేదు. అది ఇంగ్లీషులో ఉండడం వల్ల చాలామంది దాటేస్తారు. విజయనగరం మహారాజావారు, శాసనం తేవాలన్న ఉద్దేశంతో, విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల కాలంలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితా తయారు చేయించారని గురజాడ అక్కడ చెబుతాడు. సంబంధించినవాళ్లు నిజం దాచడానికే చూస్తారు కనుక ఆ జాబితా పూర్తిది కాదని కూడా అంటాడు. అయినా లెక్క 1,034కు చేరింది. వాళ్లలో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44 మంది, మూడేళ్లవాళ్లు 36 మంది, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల వెల ఒక్కొక్కరికి మూడువందల యాభై నుంచి నాలుగువందల రూపాయలు. ఇది ఎక్కడో దూరదేశపు లెక్క కాదు, మీరూ నేనూ ఉంటున్న జిల్లా లెక్క. ఈ పేజీ చదివాక నాటకంలోకి వెళ్లి సుబ్బి పెళ్లి బేరం దగ్గర మళ్లీ నవ్వగలరేమో చూడండి. నేను నవ్వాను, కాని మునుపటి నవ్వు రాలేదు. రంగస్థలం మీద గిరీశం కోతలతోనే సాయంత్రం గడిపివేసే మన నాటక సమాజాలకు ఈ పీఠికను ఎవరైనా తెలుగులో చదివి వినిపిస్తే బాగుండును.

ప్రశ్న: అల్లం శేషగిరిరావుగారి కథలు నాకు ప్రాణం. కాని మా మనవరాలు, వేట కథలు ఈ రోజుల్లో చదవడమే తప్పంటోంది. ఏమని చెప్పను?
(విశ్రాంత రైల్వే ఉద్యోగి, మర్రిపాలెం)

సమాధానం: వాదించకండి, ‘చీకటి’ కథ ఒక్కటి ఆమె చేతికివ్వండి. తుపాకీ పట్టుకొని వెళ్లినవాడికి పక్షులకంటె పక్కనున్న మనిషి పెద్ద చిక్కుగా తయారయ్యే కథ అది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను ఆపింది, ఆపవలసిందే. అడవినీ, అడవిలో బతికే మనిషినీ దగ్గరగా చూసిన రచయిత కన్ను మాత్రం మనకు ఇంకా కావాలి.

ప్రశ్న: పేరులేని పుస్తకాలన్నిటినీ మీరు ఆకాశానికెత్తుతారు. మరుగున పడడమే న్యాయమనిపించిన పుస్తకం ఒక్కటైనా లేదా?
(పాఠకురాలు, కంచరపాలెం)

సమాధానం: ఉంది, అదీ మన ఊరిదే. శ్రీశ్రీ తొలి కావ్యసంపుటి ‘ప్రభవ’ను 1928లో ఇక్కడి కవితా సమితి ప్రచురించింది. పద్దెనిమిదేళ్ల కుర్రవాడి చేతిలో ఛందస్సు అంత లొంగి ఉండడం ఆశ్చర్యమే. కాని అట్టమీద పేరు తీసివేసి నా చేతికిస్తే, ఆ కాలంలో వచ్చిన పదిమంది భావకవుల పుస్తకాల్లో ఒకటనుకొని పక్కన పెట్టి ఉండేవాణ్ణి. తరవాతి శ్రీశ్రీ దేన్ని వదిలించుకున్నాడో తెలుసుకోవాలనుకొనే విద్యార్థులకు అది కావాలి, మిగిలినవాళ్లకు అవసరం లేదు.

ప్రశ్న: మీరు చెప్పిన పాత పుస్తకం ఒకటి ఊళ్లోనే ఒక దుకాణంలో కొన్నాను. 97 నుంచి 112 వరకు పేజీలు రెండుసార్లు ఉన్నాయి, 113 నుంచి 128 వరకు అసలే లేవు. తిరిగి తీసుకోమంటే, ఉన్నది అదొక్క కాపీయే అన్నారు. ఏం చేయాలి?
(పాఠకుడు, అక్కయ్యపాలెం)

సమాధానం: కుట్టేటప్పుడు పదహారు పేజీల ఫారం ఒకటి రెండుసార్లు పడి, దాని తరవాతిది తప్పిపోయింది. పాత ముద్రణలు కొనేవాళ్లు డబ్బు ఇచ్చేముందు 16, 32, 48 ఇలా ఫారాలు మారే చోట్ల వేలితో పేజీలు సరిచూసుకోవడం మంచిది. మీ పుస్తకం మాత్రం పారేయకండి. ద్వారకానగర్ పౌరగ్రంథాలయంలో గాని, విశ్వవిద్యాలయంలోని వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలో గాని మంచి ప్రతి ఉందేమో అడగండి, ఉంటే ఆ పదహారు పేజీలూ జిరాక్సు తీయించి లోపల పెట్టుకోండి. నా దగ్గరున్న ఒక నవలకు సరిగ్గా ఈ గతే పట్టింది. జిరాక్సు లేని రోజుల్లో దాని మొదటి యజమాని ఎవరో తప్పిన పేజీలన్నిటినీ రూళ్ల కాగితం మీద నీలం సిరాతో రాసి, పేజీ అంకెలు కూడా వేసి, మైదా జిగురుతో అతికించుకున్నాడు. తరవాత నాకు మంచి ప్రతి దొరికినప్పుడు రెండూ పోల్చి చూశాను. తప్పులు రెండే ఉన్నాయి, వాటిలో ఒకటి తప్పు కాదు. రచయిత వాక్యాన్ని ఆయన కాస్త బాగుచేశాడు.