లక్కీ డ్రా పెట్టాలా, కొసరు వేయాలా?

ప్రశ్న: కావలిలో మాది బట్టల కొట్టు. నాన్నగారు పెట్టారు, ఆరేళ్లుగా నేను చూసుకుంటున్నాను. జలదంకి, కొండాపురం వైపు పల్లెల నుంచి వచ్చే పాత బేరాలే మాకు ఆధారం. వాళ్లూ ఇప్పుడు నెల్లూరు మాల్స్‌కి పోతున్నారు, లేదంటే ఫోన్‌లో ఆర్డర్ పెడుతున్నారు. కృతజ్ఞతగా ఈ సంక్రాంతికి లక్కీ డ్రా పెట్టి స్కూటీ ఇద్దామని, వెయ్యి క్యాలెండర్లు పంచి, వాట్సాప్‌లో రోజూ శుభాకాంక్షలు పంపుదామని ఉంది. లక్ష దాటుతుంది. ఫలితం ఉంటుందా అని ఒకటే టెన్షన్.
- ఒక పాఠకుడు, కావలి

జవాబు: స్కూటీ ఆలోచన మానేయండి బాబూ. అది ఒక్కరికే వస్తుంది, మిగతావాళ్లంతా కూపన్ చించేసి ఇంటికి పోతారు, పైగా మీకు తెలిసినవాళ్లకే తగిలితే ఊరంతా ఏమనుకుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం అమ్మకాలు పెంచుకోడానికి పెట్టే లాటరీలను, ప్రభుత్వం అనుమతించినవి తప్ప, అన్యాయమైన వ్యాపార పద్ధతుల్లోనే చేర్చింది. క్యాలెండర్లు వేయించండి, తిథులు చూసుకోడానికి పెద్దవాళ్లు గోడకి తగిలిస్తారు, కానీ మూడొందలు చాలు.

మా చిన్నప్పుడు నెల్లూరు చిన్నబజారులో అమ్మ ఎప్పుడూ ఒకే కొట్టుకి పోయేది. ఆయన జాకెట్టు గుడ్డ కొలిచి, కత్తెర పెట్టే ముందు నాలుగు వేళ్లు జరిపి, "కొసరమ్మా" అని కోసేవాడు. ఆ నాలుగు వేళ్ల గుడ్డ కోసమే అమ్మ రెండు బజార్లు దాటి నడిచేదని ఇప్పటికీ అనుకుంటాను. మా నాన్న పోయినప్పుడు పెద్దకర్మకి బట్టలు తేవడానికి అన్న అక్కడికే పోతే, ఆయన అసలు ధరకే కట్టి ఇచ్చి, డబ్బులు నిదానంగా ఇవ్వు నాయనా అన్నాడంట. ఇవాళ్టికీ మా ఇంట్లో పెళ్లి బట్టలు ఆ కొట్లోనే.

మీరు చేయాల్సిందీ అదే, మనిషికి అవసరమైనప్పుడు మీరు గుర్తున్నారని తెలియాలి. రోజూ పొద్దున్నే పూల బొమ్మతో శుభోదయం పంపితే రెండో వారానికి మీ నంబరు మ్యూట్‌లో పడుతుంది. అసలు బిల్లు వేసేటప్పుడు ఫోన్ నంబరు చెప్పి తీరాలని అడగడమే తప్పు, 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా అలా పట్టుబట్టొద్దని దుకాణాలకి చెప్పింది. ఇష్టపడి ఇచ్చినవాళ్లకి పండగ ముందు ఒక్క ఫోన్ చేయండి, అదీ మీరే మాట్లాడండి.

మీ కొట్లో "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అనే బోర్డు ఉంటే ఈరోజే తీసేయండి. పోయిన ఏడాది ఒంగోలులో ఒక కొట్లో కొన్న చీర ఒక్క ఉతుకుకే రంగు వెలిసిపోతే తీసుకుపోయాను, ఆ బోర్డు చూపించి గంటసేపు నిలబెట్టారు, ఆ అవమానం నాకింకా మంటగానే ఉంది. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, ఏ గడువూ రాయకపోతే 30 రోజుల్లో తిరిగి తెస్తే కాదనడం కూడా అదే చట్టం ప్రకారం తప్పు. చట్టం సంగతి అలా ఉంచినా, నవ్వుతూ వెనక్కి తీసుకున్న ఒక్క చీర ముందు మీ వెయ్యి క్యాలెండర్లూ ఏపాటివి?

మిగిలిన డబ్బులో కొంత మీ గుమస్తాలకి ఇవ్వండి. నలభై చీరలు తీయించి ఒక్కటీ కొనకుండా లేచినామె మీద మొహం చిట్లించకుండా ఉండాల్సింది వాళ్లే. పల్లె నుంచి బస్సులో పిల్లల్ని వేసుకుని వచ్చేవాళ్లకి నాలుగు కుర్చీలు, చల్లటి నీళ్లు, రోహిణి కార్తెలో అయితే మజ్జిగ. వడ్లమ్మి పాత ఖాతా చెప్పిన రోజుకే తీర్చినాయనకి ఓ తువ్వాలు పెట్టి, "మీవల్లే మా కొట్టు నడిచింది" అని నోరారా చెప్పండి, అది నిజం కూడా.

నాన్నగారికి ఓపిక ఉంటే పండగకి ముందు పది రోజులు గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టండి. ఎవరి కూతురిని ఏ ఊరికి ఇచ్చారో ఆయనకి తెలిసి ఉంటుంది. మీరు పక్కన నిలబడి వినండి.